గద తిప్పిన ముంజేయి

కుస్తీలో సగం ఫలితం చేతులు కలిసినప్పుడే తేలిపోతుంది. ఇద్దరు పహిల్వాన్లు గోదాలోకి దిగి, ఒంటికి మట్టి రాసుకుని, ఒకరినొకరు అందుకునే ఆ మొదటి క్షణంలో ఎవరి మణికట్టు ఎవరి గుప్పిట్లో చిక్కిందన్నదాన్ని బట్టి తర్వాతి పట్లన్నీ నడుస్తాయి. చెమట పట్టిన ఒళ్ళు జారుతుంది. జారే ఒంటిని ఆపేవి వేళ్ళు, వేళ్ళను ఆడించేది ముంజేయి. అయినా మన తాలింఖానాల్లో ముంజేతికని విడిగా ఒక పూట కేటాయించిన వస్తాదు కనిపించడు. తెల్లవారుజామున గోదా తవ్వడం దగ్గర నుంచి గద తిప్పడం దాకా, చేసే ప్రతి కసరత్తులోనూ దాని వాటా దానికి పెట్టేశారు.

ఇందులో ఎంత తెలివి ఉందో తెలియాలంటే చేతి నిర్మాణం కొంచెం చూడాలి. వేళ్ళలో వాటిని ముడిచే కండరాలు లేవు. ఆ కండరాలు ముంజేతిలో ఉండి, పొడవాటి స్నాయువులతో మణికట్టు మీదుగా వేళ్ళను లాగుతాయి. గుప్పిట గట్టిగా బిగించి, రెండో చేత్తో ముంజేతిని తడిమి చూడండి. లోపలి వైపే కాదు, బయటి వైపు కూడా బిగుసుకుంటుంది. బయటి కండరాలు వేళ్ళను తెరిచేవి కదా, మూసేటప్పుడు వాటికేం పని? మణికట్టును పూర్తిగా లోపలికి వంచి ఏదైనా పట్టుకోబోతే జవాబు దొరుకుతుంది. పట్టు చిక్కదు. మణికట్టు కాస్త వెనక్కి వంగి నిలబడితేనే గుప్పిటకు బలం వస్తుంది, దాన్ని అలా నిలబెట్టేది బయటి కండరాలే. అంటే పట్టు అనేది రెండు వైపుల కండరాలూ కలిసి చేసే పని. నొక్కితే మూసుకునే స్ప్రింగు గ్రిప్పర్‌ను రోజంతా నొక్కేవాడు ఎక్కువగా ఒక వైపునే పెంచుతున్నాడు. అది చాలదని నా గట్టి అభిప్రాయం.

గద దగ్గరికి వద్దాం. ఒక కర్ర, దాని కొసన గుండ్రటి రాయి. అంతకంటే ఏమీ లేదు. రాయి బరువు 5 కిలోలు అనుకుందాం. 5 కిలోల డంబెల్‌ను పట్టుకుంటే ఆ బరువు అరచేతికి సరిగ్గా రెండు పక్కలా సమానంగా ఉంటుంది, మణికట్టుకు పెద్ద శ్రమ ఉండదు. గదలో అదే బరువు చేతికి దాదాపు మీటరు దూరాన ఉంటుంది. కర్రను నేలకు సమాంతరంగా నిలిపితే చేతిని తిప్పేసే బలం, 10 సెంటీమీటర్ల దూరాన 50 కిలోలు వేలాడదీసినంత. గునపాన్ని నడిమిన పట్టుకుని పొలానికి నడిచిన మనిషిని, దాన్నే ఒక కొసన ఒంటి చేత్తో పట్టి అడ్డంగా నిలపమంటే చేయి వణుకుతుంది. గద కసరత్తు అంతా ఆ వణుకును అదుపులోకి తెచ్చుకోవడమే.

తిప్పే తీరు ఇలా ఉంటుంది. రెండు చేతులూ ఒకదాని మీద ఒకటిగా కర్ర అడుగున పట్టి, గదను ఒంటి ముందు నిటారుగా నిలబెడతారు. అక్కణ్ణుంచి ఒక భుజం మీదుగా వెనక్కి వదులుతారు. రాయి వీపు వెనక వేలాడుతూ ఊగి రెండో భుజం వైపు వస్తుంది. ఆ ఊపు అందుకుని పైకి లాగి, మళ్ళీ ముందుకు తెచ్చి ఆపుతారు. తర్వాత ఎదురు దిక్కుకు. చూసేవాళ్ళకు భుజాల కసరత్తులా కనిపిస్తుంది. నిజంగా భుజాలకూ వీపుకూ మంచిదే. కానీ రాయి వీపు వెనక ఉన్నప్పుడు కర్ర చేతిలోంచి జారిపోవాలని చూస్తుంది, అప్పుడు చిటికెన వేలు, ఉంగరం వేలు గట్టిగా పనిచేయాలి. ముందుకు వచ్చి ఆగేటప్పుడు రాయి ఇంకా ముందుకు పడిపోబోతుంది, దాన్ని బొటనవేలి వైపు మణికట్టే ఆపాలి. తిప్పడం కంటే ఆపడమే కష్టం. చెప్పుకోదగ్గ పహిల్వాను చేతిలో గద ఆగిన చోట ఒక్క క్షణం కదలకుండా నిలబడుతుంది.

జోడీది ఇంకో పరీక్ష. పట్టు దగ్గర సన్నగా, కొసకు లావుగా ఉండే రెండు బరువైన చెక్క ముద్గరాలు. రెంటినీ ఛాతీ ముందు నిటారుగా నిలబెట్టి, ఒకటి వెనక్కి వదిలి లాగే లోపు రెండోది కదలకుండా నిలపాలి. ఇక్కడ ఒక చేతికి మరో చేయి సాయం లేదు. కాశీలో నాగపంచమి నాడు అఖాడాల్లో జోడీ, గద పోటీలు ఇప్పటికీ జరుగుతాయి. 19వ శతాబ్దంలో బ్రిటిష్ వాళ్ళు ఈ జోడీని చూసి ముచ్చటపడి, బరువు తగ్గించి తమ వ్యాయామాల్లో చేర్చుకున్నారు. తేలిక ముద్గరాలు తిప్పడం 1904లోనూ 1932లోనూ ఒలింపిక్స్ పోటీ కూడా అయింది. బరువు తగ్గాక అందం మిగిలింది గానీ, ముంజేతిని పెంచే గుణం చాలావరకు పోయింది.

ఇవి కాక గోదా మట్టిని రోజూ పారతో గుల్లచేయడం, తాడు ఎక్కడం, మహారాష్ట్ర వైపు మల్లఖంబం అనే స్తంభం మీద కసరత్తు. ఆ స్తంభానికి ఆముదం రాస్తారు, నునుపు మీద పట్టు చిక్కించుకోవడం అదనపు సాధన. కొల్హాపూర్ తాలింఖానాల్లో సాధన చేసిన పహిల్వాను ఖాశాబా జాధవ్ 1952 హెల్సింకిలో స్వతంత్ర భారతానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ పతకం తెచ్చాడు. మనకు వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు ఉన్నాడు. ఇనుప గొలుసులు తెంచిన, ఏనుగును రొమ్ము మీద నిలిపిన ఆయన కథ తెలియని ఉత్తరాంధ్ర ఇల్లు అరుదు. హైదరాబాద్ పాతబస్తీలో తాలింఖానాలు ఇప్పటికీ ఉన్నాయి.

పట్టు విలువ కుస్తీతో ఆగదు. 17 దేశాల్లో సుమారు 1,40,000 మందిని పరిశీలించి 2015లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో మన దేశం వాళ్ళూ ఉన్నారు. పట్టు 5 కిలోలు తగ్గిన కొద్దీ మరణించే ప్రమాదం 16 శాతం ఎక్కువగా కనిపించింది. పట్టు బలహీనపడటమే మరణానికి కారణమని దీనర్థం కాదు. ఒళ్ళంతా కండ కరుగుతున్న సంగతి చేతి పట్టులోనూ బయటపడుతుంది. వయసుతో వచ్చే కండ క్షీణతను పసిగట్టడానికి ఆసియా వైద్య నిపుణులు 2019లో పెట్టుకున్న గీత మగవాళ్ళకు 28 కిలోలు, ఆడవాళ్ళకు 18 కిలోలు. యాభై దాటిన వాళ్ళు ఒకసారి కొలిపించుకోవడం మంచిది.

మొదలుపెట్టేవాళ్ళకు 2, 3 కిలోల గద చాలు. రోజు విడిచి రోజు, ఒక్కో దిక్కుకు పది చొప్పున తిప్పాలి. ఇంట్లో కర్రకు సిమెంటు ఉండ పోసి చేసుకునేవాళ్ళు అతుకును ప్రతిసారీ లాగి చూడాలి, తిప్పేటప్పుడు వెనక ఎవరూ ఉండకూడదు. కండ వారాల్లో బలపడుతుంది, స్నాయువులకు నెలలు పడతాయి. తొందరపడి బరువు పెంచితే మోచేతి బయటి ఎముక దగ్గర నొప్పి మొదలవుతుంది. నొప్పి కనిపిస్తే బరువు తగ్గించాలి, ఓర్చుకుని తిప్పకూడదు. రక్తపోటు ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టి పట్టు బిగించకూడదు, డాక్టరును అడిగి మొదలుపెట్టాలి. గద దొరకని వాళ్ళు తడి దుప్పటిని రెండు దిక్కులా మార్చి మార్చి పిండవచ్చు. నీళ్ళు నిండిన బకెట్లు రెండు చేతులా మోసుకుంటూ నడవవచ్చు. కడ్డీకి తువ్వాలు వేసి దాన్ని పట్టుకుని వేలాడవచ్చు. చివర్లో బియ్యం పోసిన బకెట్లోకి చేయి దూర్చి, లోపలే వేళ్ళను విప్పాలి. బయటి కండరాల బాకీ అలా తీరుతుంది. దీన్ని వదిలేసేవాళ్ళే ఎక్కువ.