అసత్య ప్రచారమూ, వాక్స్వాతంత్ర్యమూ

ఇటీవల మన సాహిత్య సభల్లోనూ, అధ్యాపకుల గదుల్లోనూ ఒక వాదం బలంగా వినబడుతున్నది. వాట్సాప్, ఫేస్‌బుక్, యూట్యూబ్‌ల ద్వారా మతోన్మాదులు విషం చిమ్ముతున్నారు గనుక అసత్య ప్రచారాన్ని నిషేధిస్తూ కఠినమైన చట్టం రావాలనీ, అభ్యుదయవాదులు దానిని బలపరచాలనీ ఆ వాదం సారాంశం. దీనికి జవాబు చెప్పేవారు, వాక్స్వాతంత్ర్యం అవిభాజ్యమనీ, ఏ మాటనూ ఆపరాదనీ అంటున్నారు. ఉభయులూ మన మిత్రులే. ఉభయుల మాటల్లోనూ కొంత సత్యం లేకపోలేదు. కాని ఉభయులూ అసలు ప్రశ్నను దాటివేస్తున్నారని నా అభిప్రాయం.

నేను పాఠం చెప్పే చోటికి దగ్గరలో, విజయవాడ రహదారి మీద బాటసింగారం వున్నది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 2022లో అక్కడికి తరలివచ్చింది. వేసవి వచ్చిందంటే ఆ మార్కెట్టు చుట్టూ రెండు మాటలు తిరుగుతాయి. పుచ్చకాయలకు సూదితో ఎర్రరంగు ఎక్కిస్తున్నారన్నది ఒకటి. మామిడికాయలను కార్బైడు వేసి మాగబెడుతున్నారన్నది మరొకటి. మొదటిది ఏటేటా ఏదో ఒక వీడియోగా పుట్టుకువచ్చే పుకారు. సూదితో పొడిచిన కాయ ఎర్రబడటం మాట అటుంచి, పొడిచిన చోటనే కుళ్ళటం మొదలుపెడుతుంది. రెండవది పుకారు కాదు. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనల్లో కార్బైడు నిషిద్ధమైనప్పటికీ వాడకం ఆగలేదు. 2015లో ఉమ్మడి హైకోర్టు పత్రికల వార్తలను చూసి తనంతట తానే ఈ విషయాన్ని విచారణకు తీసుకున్నది. ఆ మరుసటి ఏడు ఇథిలీన్ వాయువును పరిమితంగా వాడుకోవటానికి అనుమతి వచ్చింది.

మా తరగతిలో ఒక విద్యార్థి తండ్రి ఈ మార్కెట్టులో హమాలీ. పుచ్చకాయల వీడియో తిరిగిన వారం లారీలు తగ్గాయనీ, ఇంట్లోకి కూలి డబ్బు రాలేదనీ అతను చెప్పాడు. "అట్లాంటియి పెట్టినోళ్ళను జైల్ల పెట్టాలె సార్" అన్నాడు. వెనుక వరుసలో నుంచి ఒక అమ్మాయి లేచి, "కార్బైడు సంగతి బయటపెట్టినోళ్ళను గూడ సేట్లు అబద్ధమే అంటరు గద సార్, అప్పుడెట్ల?" అని అడిగింది. ఆనాడు నేను సరియైన సమాధానం చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ అమ్మాయికి ఆలస్యంగా రాస్తున్న జవాబనుకోవచ్చు.

హమాలీ కొడుకు కోపాన్ని తేలికగా తీసుకోవటానికి వీలులేదు. అబద్ధం మనుషులను చంపుతుంది. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారు తెలుగునాట వ్యాపించింది. హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. ఆ జూలైలో కర్ణాటకలోని బీదరు జిల్లా ముర్కి గ్రామంలో, బడిపిల్లలకు చాక్లెట్లు పంచిన పాపానికి హైదరాబాదు నుంచి వెళ్ళిన మిత్రబృందాన్ని గుంపులు వెంటాడాయి. ఒక యువకుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. "సత్యం తనంతట తానే గెలుస్తుంది, అన్ని మాటలనూ రానివ్వండి" అనేవారు ఈ ఇద్దరి కుటుంబాలకు ఏమని చెబుతారు? సత్యం గెలిచింది. కాని శవం లేచిన తరువాత గెలిచింది.

ఆ రోజుల్లో దేశమంతా తిరిగిన ఒక వీడియోను విమర్శకుల కళ్ళతో పరిశీలించటం మంచిది. మోటారు సైకిలు మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకునే పిల్లవాడిని ఎత్తుకుపోతారు. అది కరాచీలో పిల్లల రక్షణ కోసం తీసిన ప్రచార చిత్రం. అసలు చిత్రంలో వారు పిల్లవాడిని తిరిగి తెచ్చి దించుతారు, ప్రజలకు హెచ్చరికగా ఒక అట్ట చూపిస్తారు. ఎవరో ఆ చివరి భాగాన్ని కత్తిరించారు. అబద్ధమంతా ఆ కత్తిరింపులో వున్నది. మిగిలిన ప్రతి దృశ్యమూ ఉన్నదున్నట్లుగానే వున్నది. కావ్యంలో ఒక చరణాన్ని సందర్భం నుంచి ఊడబెరికి కవికి అంటగట్టే పండితులను మనం ఎరుగుదుం. ఇది అదే విద్య. ఏ వాక్యం అసత్యమో జాబితా రాసి నిషేధించే చట్టానికి ఈ కత్తిరింపు చిక్కదు.

మరి దేనికి చిక్కుతుంది? అదే జూలైలో వాట్సాప్ కంపెనీ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుగురికి లేదా ఐదు గుంపులకు మించి పంపటానికి వీలు లేకుండా చేసింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చేతులు మారి మారి వచ్చిన సందేశాన్ని ఒకసారికి ఒక్కరికే పంపేటట్టు చేసింది. అటువంటి సందేశాల చలామణీ దానితో 70 శాతం తగ్గిందని కంపెనీయే ప్రకటించింది. ఇక్కడ ఎవరి నోరూ మూయలేదు. ఏది సత్యమో ఎవరూ తీర్పు చెప్పలేదు. వేగం తగ్గింది, అంతే. అంటే అంతకు మునుపు ఆ వేగం ప్రకృతిసిద్ధం కాదు. ఒకరు తయారుచేసి పెట్టినది. తగ్గించటం వారి చేతిలోనే వుండి కూడా హత్యలు జరిగేదాకా తగ్గించలేదు. మయన్మారులో రోహింగ్యాల మీద హింస జరిగిన తరువాత, తాము చేయవలసినంత చేయలేదని ఫేస్‌బుక్ 2018 నవంబరులో ఒప్పుకున్నది.

ఉదారవాదులు తరచుగా చెప్పే "భావాల సంత" అనే ఉపమానం ఇక్కడ కుప్పకూలుతుంది. బాటసింగారం సంతలో కాటా కళ్ళ ముందు వుంటుంది. పాట రైతు ఎదుటనే సాగుతుంది. దళారీ మోసం చేస్తే నిలదీయటానికి మనిషి కనబడతాడు. ఈ కంపెనీల సంతలో ఏ మాట పైకి రావాలో, ఏది అడుగున పడాలో నిర్ణయించే కాటా ఎవరికీ కనబడదు. జనం ఎంతసేపు తెర వదలకుండా చూస్తే అంత ప్రకటనల డబ్బు వస్తుంది గనుక, భయమూ ద్వేషమూ పుట్టించే సరుకు ముందు వరుసకు వస్తుంది. దీనిని వాక్స్వాతంత్ర్యమని పిలవటం వ్యాపారానికి పూజామందిరం కట్టటమే.

అయితే ఆ కాటాను ప్రభుత్వం చేతికి ఇద్దామా? కంచ గచ్చిబౌలిలో జరిగినది మరిచిపోదగినది కాదు. 2025 మార్చి 30న, సరిగ్గా ఉగాదినాడు, హైదరాబాదు విశ్వవిద్యాలయం పక్కనున్న 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగాయి. అడ్డుపడిన విద్యార్థులను నిర్బంధించారు. నెమళ్ళూ లేళ్ళూ యంత్రాల ముందు పారిపోతున్నట్లు కొందరు కృత్రిమ మేధతో బొమ్మలు చేసి పంచారు. ప్రభుత్వం ఆ బొమ్మలను పట్టుకుని కేసులు పెట్టింది. జపాను కార్టూన్ల శైలిలో వున్న ఒక బొమ్మను తిరిగి పంచినందుకు ఒక సీనియర్ ఐఏఎస్ అధికారిణికి సైతం పోలీసు నోటీసు వెళ్ళింది. కార్టూన్ బొమ్మను ఛాయాచిత్రమని ఎవరు భ్రమిస్తారు? అది అడవి తరపున పలికిన ఒక ఉపమానం. ఉపమానానికి నోటీసు ఇచ్చే రాజ్యంలో కవులెవరూ మిగలరు. ఫోటోలాగా కనబడే కల్పిత చిత్రాలు కూడా తిరిగిన మాట వాస్తవమే. వాటిని చేసినవారు విద్యార్థులకు మేలు చేయలేదు. ప్రత్యర్థికి ఆయుధం అందించారు. కాని ప్రధాన సత్యం ఏమిటి? ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపివేసింది. దాదాపు 100 ఎకరాలను భారీ యంత్రాలతో చదును చేశారనీ, అక్కడ నెమళ్ళూ లేళ్ళూ వున్నాయనీ హైకోర్టు రిజిస్ట్రారు నివేదిక తెలిపింది. లేడి బొమ్మ అబద్ధం, లేడి నిజం. అసత్య నిరోధక చట్టం బొమ్మను శిక్షిస్తుంది. బుల్డోజరును శిక్షించే ఉద్దేశం దానికి వుండదు.

ఇది నేటి విషయం మాత్రమే కాదు. 1950లో బొంబాయి నుంచి వెలువడే వామపక్ష వారపత్రిక క్రాస్‌రోడ్స్‌ను మద్రాసు ప్రభుత్వం తన రాష్ట్రంలోకి రాకుండా నిషేధించింది. మన సర్కారు జిల్లాలూ, రాయలసీమా అప్పుడు ఆ రాష్ట్రంలోనివే. ఆ ఫిబ్రవరిలోనే సేలం జైలులో 22 మంది కమ్యూనిస్టు ఖైదీలు పోలీసు కాల్పుల్లో మరణించారు. సంపాదకుడు రమేశ్ థాపర్ సుప్రీంకోర్టుకు వెళ్ళి మే 26న గెలిచాడు. మరుసటి ఏడే మొదటి రాజ్యాంగ సవరణ వచ్చి, "శాంతిభద్రతలు" అనే కారణం 19(2) అధికరణంలో చేరింది. వాక్స్వాతంత్ర్యంపై పరిమితులు విధించటానికి ఆ అధికరణంలో వున్న కారణాలు చదివి చూడండి: పరువునష్టం వున్నది, నేరానికి ప్రేరేపించటం వున్నది, కోర్టు ధిక్కారం వున్నది. "అసత్యం" అన్న మాట మాత్రం లేదు. ఏది అసత్యమో తేల్చే అధికారాన్ని ప్రభుత్వం తన సొంత విషయాల్లో తానే తీసుకోబోతే, 2024 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు ఆ నిబంధనను కొట్టివేసింది.

నిషేధాన్ని కోరే మన మిత్రులకు మరొక సంగతి గుర్తుచేయాలి. 2025లో పత్రికల్లో వెలువడిన కర్ణాటక ముసాయిదా బిల్లు అసత్య వార్తకు ఏడేళ్ళ జైలు ప్రతిపాదించింది. నిర్ణయించే సంస్థకు ఒక మంత్రి అధ్యక్షుడు. మూఢనమ్మకాలను ప్రచారం చేయరాదని అందులో వున్నది గదా అని సంతోషించినవారున్నారు. అదే ముసాయిదాలో సనాతన చిహ్నాలను, విశ్వాసాలను అగౌరవపరచరాదని కూడా వున్నది! త్రిపురనేని రామస్వామి చౌదరి "శంబూకవధ"ను ఆ మంత్రి ముందు పెడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

కాబట్టి ఆ అమ్మాయి ప్రశ్నకు నా జవాబు ఇది. ఒక మనిషిని చూపించి కొట్టండనే మాటను ఆపవలసిందే. దానికి చట్టం ఇప్పటికే వున్నది, కావలసింది సకాలంలో అమలు. పాలకులను గురించీ, వ్యాపారులను గురించీ చెప్పే మాట తప్పయినా సరే, దానిని తప్పని చూపించటానికి వారికి నోరున్నది, పత్రికలున్నాయి, జైలు అక్కరలేదు. కంపెనీలను మాత్రం వదలరాదు. ఏ సరుకును ఎందుకు ముందుకు నెడుతున్నారో, దాని మీద ఎంత గడిస్తున్నారో లెక్కలు ప్రజల ముందు పెట్టాలని అడగాలి. నిషేధం అడగటం సులభం, ఈ లెక్కలు అడగటం కష్టం. బహుశా అందుకే ప్రభుత్వాలు మొదటిదానినే ఇష్టపడుతున్నాయి.

మన సంగతి కూడా కొంత చెప్పుకోవాలి. 2018లో జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి ఒక్కొక్క కానిస్టేబులును కొన్ని ఊళ్ళకు కేటాయించి, డప్పుతో, పాటతో పుకార్ల గురించి ఇంటింటికీ చెప్పించింది. ఆమె పరిధిలోని సుమారు 400 గ్రామాల్లో ఆ పుకార్ల వల్ల ఒక్క ప్రాణమూ పోలేదు. బుర్రకథను ఊరూరా తిప్పిన ప్రజానాట్యమండలి వారసులమని చెప్పుకునే మనం ఆ నెలల్లో ఏం చేస్తున్నాం? నేనైతే పరీక్షా పత్రాలు దిద్దుతున్నాను. మన పని పోలీసులు చేశారు.

మా విద్యార్థులు కొందరు వచ్చే వేసవికి బాటసింగారం మార్కెట్టులో చిన్న నాటిక వేస్తామంటున్నారు. మొదటి భాగంలో పుచ్చకాయ కోసి చూపిస్తారట. రెండవ భాగం కార్బైడు గురించి. హమాలీలు సరేనన్నారు. కమీషన్ వ్యాపారులు మొదటి భాగానికి చందా ఇస్తామన్నారు. రెండవదాని సంగతి ఇంకా తేలలేదు.