పాత డిస్క్ తీసి చూడండి

పత్తి సీజన్ ముగిసి ఆదోని మార్కెట్ యార్డులో బండ్లు పలచబడ్డాక మండీల వాళ్లకు కంప్యూటర్లు గుర్తొస్తాయి. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయమంటారు. లినక్స్ ఉన్న మెషీన్ అయితే "మళ్లీ అంతా కొత్తగా ఎక్కించాల్నా అన్నా?" అని అడుగుతారు. అక్కర్లేదు. లినక్స్‌లో వ్యవస్థ అంటే ఫైళ్లే. లైసెన్సు అడ్డం రాదు. ఉన్నదాన్ని ఉన్నట్టే కొత్త పార్టిషన్‌కు మార్చుకోవచ్చు. కంప్యూటర్ పనుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

కానీ ఫైల్ మేనేజర్ తెరిచి, అన్నీ ఎంచి అతికిస్తే కుదరదు. ఫైల్ వస్తుంది గానీ దాని యజమాని ఎవరు, ఎవరు చదవొచ్చు, ఎవరు నడపొచ్చు, ఏ పేరు దేనికి లింకు అన్న వివరాలు చెదిరిపోతాయి. అడ్మిన్ హక్కులతో పనులు చేయించే సుడో ఫైలుకు రూట్ యూజర్ యాజమాన్యం పోతే ఆ కమాండే పనిచేయదు. అందుకే లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, పాత పార్టిషన్‌ను చదవడానికి మాత్రమే మౌంట్ చేసి, ఆర్‌సింక్‌తో కాపీ చేస్తాను. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ 1996లో విడుదల చేసిన ప్రోగ్రాం అది. మధ్యలో కరెంటు పోయినా, మళ్లీ అదే కమాండ్ ఇస్తే చేరిన ఫైళ్లను వదిలేసి మిగతావాటితో సాగిపోతుంది. ఆ గుణం విలువ ఎండాకాలంలో మా ప్రాంతంలో బాగా తెలుస్తుంది.

ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టుకునేవాళ్లు ఇంకొకటి గమనించాలి. లినక్స్ ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4లో ఫైల్ పేరుకు హద్దు 255 బైట్లు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికే కాదు, గుణింతపు గుర్తుకూ పొల్లుకూ కూడా మూడేసి బైట్లు పడతాయి. 'ఎమ్మిగనూరు' అని రాస్తేనే 30 అయిపోతాయి. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఈ లెక్కన కొలవదు. అక్కడ తెలుగులో ఒక్కో గుర్తుకు ఒకటే లెక్క, హద్దు 255. రైతు పేరు, ఊరు, లాట్, తేదీ అన్నీ ఫైల్ పేరులోనే రాసే గుమాస్తాలు విండోస్ డిస్క్ నుంచి తెచ్చిన పొడవాటి పేర్లు ఇక్కడ ఆగిపోతాయి. కాపీ అయ్యాక ఎర్రర్లు చదవకుండా లేవకూడదు.

అసలు పని కాపీ తర్వాతే ఉంది. ఎమ్మిగనూరు మగ్గాల మీద పడుగు అయిపోవస్తే, అచ్చులో మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతారు. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరది. ఆ అతుకు ఎంత జాగ్రత్తగా వేయాలో అక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. ఇక్కడ అతుకు పడాల్సింది ఏ పార్టిషన్‌ను ఎక్కడ మౌంట్ చేయాలో రాసి ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో, బూట్ చేయించే గ్రబ్‌లో. ఫైల్‌సిస్టమ్‌కు యుయుఐడి అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. కాపీ అయిన ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఇంకా పాత సంఖ్యే ఉంటుంది. దాన్ని మార్చి, క్రూట్ కమాండ్‌తో కొత్త వ్యవస్థలోకి వెళ్లి గ్రబ్‌ను మళ్లీ ఎక్కించాలి.

ఇది మరిచిపోతే కంప్యూటర్ ఆగిపోతుందనుకుంటారు. ఆగదు, అదే ప్రమాదం. పాత డిస్క్ ఇంకా లోపలే ఉంది కనుక కెర్నెల్ పాత పార్టిషన్‌నే రూట్‌గా, అంటే మూల ఫైల్‌సిస్టమ్‌గా తీసుకుంటుంది. తెర అదే, ఫైళ్లూ అవే. అందరూ తృప్తిగా పని మొదలుపెడతారు. కొత్త లెక్కలు పాత డిస్క్ మీదే పడుతుంటాయి. ఇక దీంతో పనేముందని ఎవరో దాన్ని ఫార్మాట్ చేసిన రోజున అన్నీ పోతాయి. డీడీ కమాండ్‌తో మక్కీకి మక్కీ నకలు తీస్తే మరో చిక్కు: రెండు చోట్లా ఒకే యుయుఐడి ఉంటుంది, ఏది తెరుచుకుంటుందో చెప్పలేం.

ఫైండ్‌మౌంట్ కమాండ్ రూట్ ఏ పార్టిషన్ మీద ఉందో చెబుతుంది. నేను అంతటితో ఊరుకోను. కంప్యూటర్ ఆపి, పాత డిస్క్ కేబుల్ ఊడదీసి, మళ్లీ ఆన్ చేస్తాను. పాతది లేకుండా లేచి, లెక్కల ఫైల్ తెరుచుకుని, ప్రింటర్ కాగితం తీస్తేనే తరలింపు అయినట్టు.

మీ మెషీన్ ఎవరు మార్చినా సరే, ఈ పరీక్ష మీ కళ్లముందు చేయించుకోండి. ఊడదీసిన డిస్క్ మీద తేదీ రాసి బీరువాలో పెట్టండి. వచ్చే పత్తి సీజన్ లెక్కలు కొత్త డిస్క్ మీద పూర్తయ్యేదాకా దాన్ని చెరపకండి.