గోకేసిన క్రీస్తు

వాన్ గో ఉత్తరాల్ని మనం ఎక్కువగా ఒక బాధితుడి డైరీలా చదువుతాం. నాకు మాత్రం అందులో ముందు కనిపించేది పనివాడు.

1888లో, ఆర్ల్‌లో, ఆలివ్ తోటలో క్రీస్తునీ దేవదూతనీ వేసి, నచ్చక గోకేశాడు. కొన్నాళ్ళకి మళ్ళీ వేశాడు, మళ్ళీ గోకేశాడు. పాస్టర్ కొడుకు, ఒకప్పుడు బొగ్గుగనుల్లో సువార్త చెప్పినవాడు. నమ్మకం పోయిందేమో అనుకుంటాం. అతను చెప్పిన కారణం వేరే: ఎదురుగా మోడల్ లేకుండా వెయ్యలేను. 1889 నవంబర్‌లో గోగాన్, బెర్నార్ ఊహించి వేసిన క్రీస్తుల మీద చిరాకుపడి, తను నిజం ఆలివ్ చెట్ల దగ్గరికే వెళ్ళాడు.

మరి అంతకు రెండు నెలల ముందే దెలాక్రువా 'పియెటా'ని ఎలా వేశాడు? అందులో క్రీస్తు ఉన్నాడు కదా! బీథోవెన్‌ని వాయించేవాడు తన సొంతం కొంత కలుపుతాడు, ఇదీ అలాంటిదే అంటాడు. అంటే పాత చిత్రకారులే అతనికి మోడల్స్. కళాచరిత్ర అంటే అతనికి స్టూడియోలో ఎదురుగా ఉన్న వస్తువు.

ఇంతవరకూ లెక్క సరిపోయింది. 1890లో రెంబ్రాంట్ 'లాజరస్' దగ్గర తప్పింది. ఆ ఎచింగ్‌లో క్రీస్తు నిలువెత్తున ఉన్నాడు. వాన్ గో ఆయన్ని వదిలేసి, పైన పచ్చటి సూర్యుణ్ణి పెట్టాడు. లేచే లాజరస్‌కి ఎర్ర గడ్డం, తనలాగే. ఇక్కడ మోడల్ లేదనే మాట చెల్లదు. ఇది టెక్నిక్ కాదు, విశ్వాసం. ఉత్తరాల్లో పనివాడి భాష వెనక దాచుకున్నది ఈ బొమ్మలో బయటపడిందని నాకనిపిస్తుంది.