తొట్టికి గూడు

పికప్ బండి తొట్టికి క్యానోపీ, అంటే పైకప్పు, వేయించాలనుకునే మిత్రులు నన్ను మొదట అడిగేది రంగు గురించి. బాడీ రంగులోనే దొరుకుతుందా, నల్లద్దాలు వస్తాయా, వెనక స్పాయిలర్ బాగుంటుందా అని. నేను తిరిగి అడిగేది ఒక్కటే: దాని కింద ఏం పెడతారు? సామానా, మనుషులా, కుక్కపిల్లా, ఊరి నుంచి వచ్చే మూటలా? ఇది తేల్చుకోకుండా బెంగళూరులో బండ్ల సామాను అమ్మే జేసీ రోడ్డు ఎక్కితే, అక్కడ కంటికి నచ్చింది ఏదో ఒకటి బండెక్కి కూర్చుంటుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి దాని బరువు మోసేది మన స్ప్రింగులే.

బెంగళూరులో ఈ మోజు పెరగడంలో ఆశ్చర్యం లేదు. టయోటా హైలక్స్ తయారయ్యేది ఊరి పక్కన బిడదిలో. ఇసుజు వి-క్రాస్ 2016 నుంచి వస్తున్నది మన శ్రీసిటీ నుంచి. శుక్రవారం సాయంత్రం హెబ్బాళ ఫ్లైఓవర్ దాటగలిగితే చాలు, లేపాక్షి, హార్స్‌లీ హిల్స్, ఇంకాస్త ఓపికుంటే గండికోట. వెనక తొట్టి ఖాళీగా, ఆకాశానికి తెరిచి ఉంటే ఆ దారిలో ఎవరికైనా దాని మీద ఒక గూడు ఉంటే బాగుండుననిపిస్తుంది. మనకిది కొత్త ఆలోచనా కాదు. ఎద్దులబండికి వెదురుబద్దలు వంచి, చాప కప్పి గూడుబండి కట్టుకుని తిరునాళ్లకు పోయినవాళ్ల మనవలం మనం. పంట తోలాల్సినప్పుడు ఆ గూడు విప్పి పక్కన పెట్టేవాళ్లు. నేటి క్యానోపీలో నాకు అన్నిటికంటే నచ్చేది కూడా అదే, అవసరం తీరాక విప్పగలగడం.

అసలు లెక్క బరువుది. సొంత వాడకానికి రిజిస్టరయ్యే వి-క్రాస్ లాంటి బండి తొట్టికి కంపెనీ చెప్పే లోడు 200 కిలోల పైచిలుకు మాత్రమే. అదే కుటుంబంలోని వాణిజ్య డి-మాక్స్ టన్ను పైన మోస్తుంది కదా అని ధీమాగా ఉండేవాళ్లున్నారు. దాని పట్టీలు వేరు, దీనివి వేరు. ఫైబర్ క్యానోపీ ఒక్కటే 60 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. దాని మీద మడత డేరా పెట్టారనుకోండి, మరో 60. రెండు ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు, 40. ఇక మిగిలిన నలభైలో స్టవ్వు, సిలిండరు, పరుపు, పనిముట్లు, బట్టలు అన్నీ సర్దాలి. ప్రయాణం మొదలుకాకముందే బండి నిండిపోయింది. అందుకే షోరూములో నేను ధర కంటే ముందు తూకం అడగమంటాను. అమ్మేవాడు ‘తేలికే సార్’ అంటే సరిపోదు, కిలోల్లో చెప్పాలి. పైన ఎంత బరువు ఆగుతుందో కూడా రెండు రకాలుగా అడగాలి. బండి నిలబడ్డప్పుడు మోయగలిగినంత బరువు, గుంతల్లో ఎగురుతూ పోతున్నప్పుడు మోయలేదు. డేరాలో ఇద్దరు పడుకునేది బండి ఆగాకే కాబట్టి వాళ్ల బరువు మొదటి లెక్కలోకి వస్తుంది. డేరా బరువు మాత్రం దారంతా రెండో లెక్కలోదే.

లోపల పడుకుందాం, పైన డేరా ఎందుకు అనేవాళ్లు టేపు పట్టుకుని ఒకసారి తొట్టి కొలవాలి. నాలుగు తలుపుల పికప్‌లో తొట్టి పొడవు అయిదడుగులు, అటూ ఇటూ. వెనక తలుపు మూసి తిన్నగా కాళ్లు చాపడం పెద్దవాళ్లలో చాలామందికి కుదరదు. ఐమూలగా పడుకుంటే ఒకరికి సరిపోతుంది, కానీ చక్రాల మీది గుబ్బలు నడుముకు తగులుతాయి. ఇద్దరయితే తలుపు దించి, దాని మీదికి పరుపు జరిపి, వెనక దోమతెర కట్టుకోవాల్సిందే. అమెరికా రచయిత జాన్ స్టైన్‌బెక్ 1960లో తన కుక్కను వెంటబెట్టుకుని దేశమంతా తిరిగిన జీఎంసీ పికప్ మీద ఉన్నది ఇలాంటి ఖాళీ గూడు కాదు. మంచం, పొయ్యి అమర్చిన చిన్న ఇల్లు. రోసినాంటె అని పేరు పెట్టుకున్న ఆ బండి ఇప్పుడు కాలిఫోర్నియాలోని సాలినాస్‌లో ఆయన పేరిట ఉన్న కేంద్రంలో ఉంది. ఆ బొమ్మ మనసులో పెట్టుకుని మన అయిదడుగుల తొట్టికి క్యానోపీ కొంటే నిరాశే మిగులుతుంది.

దేనితో చేసింది కొనాలి? బడ్జెట్ తక్కువైతే ఇనుప గొట్టాల చట్రం మీద మంచి టార్పాలిన్. లారీ బాడీలు కట్టే చేతులకు అది చిటికెలో పని. విజయవాడ ఆటోనగర్‌లో అడిగినా, ఇక్కడ అడిగినా చేసిపెడతారు. వానను ఆపుతుంది, దొంగను ఆపదు. రేకుతో చేసింది గట్టిదే, కానీ ఒకే మందంలో ఇనుము అల్యూమినియానికి దాదాపు మూడు రెట్ల బరువు. ఫైబర్‌కు తుప్పు భయం లేదు, వంపులు బండికి అతికినట్టు వస్తాయి. ఎండకు మాత్రం లోపల లైనింగు ఉండాలి, లేకపోతే అనంతపురం మే నెల మధ్యాహ్నం అందులో పెట్టిన టమాటాలు సాయంత్రానికి కూరకు పనికిరావు. చలికాలం తెల్లవారుజామున మన ఊపిరే పైకప్పుకు పట్టి చుక్కలుగా మీద పడకుండా ఆపేదీ ఆ లైనింగే. నా ఓటు తెల్ల ఫైబర్‌కు.

ఏ రకమైనా చివరికి మంచిచెడ్డలు తేలేది అంచు రబ్బరు దగ్గర. బెంగళూరు పీణ్యలో ఫైబర్ పని చేసే ఒక షెడ్డులో హిందూపురం నుంచి వచ్చిన పెద్దాయన నాకు ఇది చేసి చూపించాడు. రబ్బరు పొడవునా చాక్‌పీసు దట్టంగా రాశాడు. ఇద్దరు కుర్రాళ్లు క్యానోపీని తొట్టి మీద దించి, బిగింపులు వేసి, మళ్లీ విప్పి ఎత్తారు. తొట్టి అంచు మీద తెల్లగీత పడింది. కుడివైపు వెనక మూల దగ్గర మాత్రం నాలుగు వేళ్ల మేర గీత లేదు. ఆయన ఆ ఖాళీ మీద వేలు పెట్టి, “నీల్లయితే కారి కనిపిస్తాయి సార్, దుమ్ము అట్ల గాదు. లోపలికొచ్చి కూసున్నాకే తెలిసేది” అన్నాడు. ఆ మూలకు మరో వరస రబ్బరు అతికించి, మళ్లీ చాక్‌పీసు రాసి, గీత తెగకుండా పడేదాకా వదల్లేదు. అంత శ్రద్ధ పెట్టే మనిషి దొరికితే రెండు వేలు ఎక్కువైనా బేరమాడకండి.

దుమ్ము అంత మొండిగా లోపలికి రావడానికి కారణముంది. బండి పరుగెడుతున్నప్పుడు దాని వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది. క్యానోపీ బిగించాక లోపలి గాలిని ఆ తక్కువ ఒత్తిడి వెనక్కి లాగేసుకుంటుంది, ఆ లోటు తీర్చుకోవడానికి టెయిల్‌గేటు సందుల్లోంచి, చక్రాలు రేపిన మట్టితో సహా బయటి గాలి జొరబడుతుంది. గండికోట దగ్గర మట్టిదారిలో అరగంట తిరిగి వచ్చి పరుపు దులిపితే సంగతి తెలుస్తుంది. విరుగుడు రెండు పనులు: టెయిల్‌గేటు చుట్టూ విడిగా రబ్బరు వేయించడం, క్యానోపీ పైన ముందువైపు గాలి లోపలికి తోసే చిన్న వెంటు పెట్టించడం. లోపల ఒత్తిడి కాస్త ఎక్కువగా ఉంటే దుమ్ము దానంతటదే బయట ఆగిపోతుంది.

ఇదే గాలివాటం ప్రాణం మీదికీ తెస్తుంది. వెనక అద్దం ఎత్తి నడిపితే సైలెన్సరు పొగ లోపలికొస్తుంది. నడుస్తున్న బండి తొట్టిలో మనిషిని కూర్చోబెట్టకూడదు, పిల్లలు ఎంత మారాం చేసినా సరే. రాత్రి లోపల పడుకున్నప్పుడు ఇంజను నడవకూడదు, స్టవ్వు, బొగ్గుల కుంపటి వెలగకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, నిద్రలో ఉన్నవాడికి తెలిసే అవకాశమే లేదు.

చట్టం సంగతి చాలామంది దాటవేస్తారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని అడ్డుకుంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కేరళ నుంచి వచ్చిన కేసులో, ఆ మాటను ఇంకా గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు అయిదు వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా రాసిపెట్టారు. కాబట్టి డ్రిల్లు వేసి, వెల్డింగు చేసి, కొలతలు మార్చే పనికి దిగకండి. బిగింపులతో కూర్చుని విప్పితే వచ్చేసే క్యానోపీ, అందులోనూ బండి కంపెనీయే యాక్సెసరీగా అమ్మేది దొరికితే దానికే మొగ్గండి, బిల్లు బండిలో ఉంచుకోండి, ఆర్టీవోలో, బీమా కంపెనీలో కాగితం మీద అడిగి జవాబు తీసుకోండి. మంచం, వంటగది శాశ్వతంగా బిగించిన క్యారవాన్ అయితే దానికి ఏఐఎస్-124 అనే వేరే ప్రమాణమే ఉంది, అది ఇంటి దగ్గరి షెడ్డు పని కాదు.

బిగింపుల వాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పండి: క్యానోపీని క్యాబిన్‌కు కలిపి కట్టొద్దని. ఛాసిస్ మీద క్యాబిన్ వేరు, తొట్టి వేరు. ఎత్తుపల్లాల్లో ఛాసిస్ మెలితిరిగినప్పుడు రెండూ చెరో వైపు ఊగుతాయి. మధ్య సందులో మెత్తటి రబ్బరు తప్ప ఇంకేమీ ఉండకూడదు.

ఇక బెంగళూరు వాళ్ల ప్రత్యేక తలనొప్పి, అపార్ట్‌మెంటు బేస్‌మెంటు. పికప్ ఎత్తు ఎలాగూ ఆరడుగులు. క్యానోపీ క్యాబిన్‌తో సమంగా ఉంటే చాలాచోట్ల ఇబ్బంది లేదు. ఎత్తు గూడో, పైన డేరానో అయితే ర్యాంపు దగ్గర దూలానికి తగులుతుంది. కొనేముందు అక్కడ పైపులు కిందికి వేలాడే చోట కొలవండి. విప్పిన క్యానోపీ ఎక్కడ దాస్తారో అసోసియేషన్ వాళ్లతో ముందే మాట్లాడుకోండి. ఒక్కరు ఎత్తి మోయగలిగే వస్తువు కాదది.

నేను ఎంచుకున్నది క్యాబిన్ ఎత్తుకు సమమైన తెల్ల ఫైబర్. పైన డేరా లేదు. అలా మిగిలిన డబ్బు పెట్టింది పక్క అద్దాల మీద. జరిగే అద్దాలు కాకుండా పైకి లేచే తలుపులు తీసుకున్నాను. కప్పు పడ్డాక తొట్టిలో ముందువైపు ఉన్న వస్తువు తీయాలంటే వెనక నుంచి మోకాళ్ల మీద పాకాలి. మా అమ్మ కదిరి నుంచి పంపే శెనక్కాయల మూట ఎప్పుడూ క్యాబిన్‌కు ఆనుకునే ఉంటుంది, బరువు ముందుకు ఉండాలి గనక. పక్క తలుపు ఎత్తితే ఆ మూట భుజానికి అందే ఎత్తులో దొరుకుతుంది.