బనీను తెల్లదనము

కండువాకును చొక్కాకును లభించు గౌరవము బనీనుకు లేదు. లోపల దాగి, దేహమునుండి వెలువడు స్వేదమునెల్ల తాను త్రాగి, పైవస్త్రము పరువు కాపాడుటయే దాని ఉద్యోగము. అట్టిదానిని ధవళముగా నిలుపు విద్యలో మన రేవుల రజకులు ప్రవీణులు. చంకలయందును మెడచుట్టును కనబడు పసుపుచాయకు కారణము మట్టి కాదు, చెమటతో గూడి నూలుపోగులలో నింకిన దేహపు జిడ్డు. అది నాళ్లు గడచినకొలది గాలి సోకి ముదురును గనుక, విడిచిన బనీనును మూలకు విసరక ఆనాడే తడుపుట ఉత్తమము. చవుటిమన్నులోని క్షారము జిడ్డును కొంతమేర సబ్బుగా మార్చి వదలించునను మర్మమును రసాయనశాస్త్రము చదువకయే వాడుకలోనికి తెచ్చిన యా ప్రాజ్ఞులు, గుడ్డలను చవుటినీట ముంచి, మరుగు బానపై పేర్చి, చాలసేపు ఆవిరిపట్టి, పిమ్మట రేవుకు చేర్చెడివారు. బండపై బాదుటకు దుప్పటి ఓర్చునుగాని అల్లికగుడ్డయైన బనీను ఓర్వదు, సాగిపోవును. దానిని నలిపి పిసుకుటలోనే చేతి నేర్పు తెలియును.

నీలిమందు సంగతి మరియు సున్నితము. పసుపుచాయను నీలము అణచి కంటికి తెలుపు తోపింపజేయును. చిటికెడు హెచ్చెనా, బనీను మబ్బుపట్టిన ఆకాశమగును. పొడిని గుడ్డలో మూటగట్టి నీట నాడింపనిచో చుక్కలు పడును. బ్లీచింగు పొడిని నమ్ముకొన్న నేటి ఇండ్లలో బనీనులు త్వరగా చివుకుటకు నేను ఆశ్చర్యపడను. అది మరకతోపాటు నూలును గూడ తినును. గంజి బనీనుకు పెట్టరాదు. పెట్టినయెడల చెమట పీల్చు గుణము తగ్గి, గుడ్డ ఒంటిని ఒరయును.