కానుకగా ఖడ్గం, సరుకుగా తుపాకి: ‘వేవర్లీ’ నవలలో ఆయుధసేకరణ

వాల్టర్ స్కాట్ ‘వేవర్లీ’ (1814) చారిత్రక నవలకు ఆద్యరూపమన్న అభిప్రాయం విమర్శలో స్థిరపడింది. రెండు సామాజికశక్తుల నడుమ ఊగిసలాడే సామాన్య నాయకుని ద్వారా స్కాట్ చరిత్రగతిని చూపగలిగాడని లూకాచ్ నిరూపించాడు. అయితే ఆ సంఘర్షణకు కావలసిన తుపాకులు, మందుగుండు ఎవరి సొమ్ముతో సమకూడాయన్న ప్రశ్న దాకా లూకాచ్ పరిశీలన పోదు. నవల స్వభావాన్ని తెలుసుకోవడానికి ఈ ప్రశ్న అవసరం.

1688లో సింహాసనాన్ని కోల్పోయిన రెండవ జేమ్స్ వంశం ప్రవాసంలోనే మిగిలింది. ఆయన మనుమడు చార్లెస్ ఎడ్వర్డ్ 1745లో తండ్రి పక్షాన స్కాట్లండ్‌కు బయలుదేరాడు. ప్రయాణానికి ముందు తండ్రికి రాసిన లేఖ సగం భావోద్వేగం, సగం కొనుగోలు పద్దు: 1,500 తుపాకులు, 1,800 ఖడ్గాలు, తుపాకిమందు, గుండ్లు, చెకుముకి రాళ్లు, 20 చిన్న ఫిరంగులు. ఇందుకోసం అతడు అప్పు చేశాడు. తన నగలను తాకట్టు పెట్టమని తండ్రిని వేడుకున్నాడు. నౌకను సమకూర్చిన ఆంట్వాన్ వాల్ష్ నాంత్ రేవులో బానిసల వ్యాపారంతో గడించినవాడు. ఆయుధాలలో అధికభాగాన్ని మోస్తున్న ‘ఎలిజబెత్’ నౌక, జూలైలో ‘లయన్’ అనే బ్రిటిష్ యుద్ధనౌకతో పోరాడి దెబ్బతిని బ్రెస్ట్‌కు మళ్లింది. యువరాజు చిన్న నౌకలో కొద్దిమంది అనుచరులతో ఒడ్డు చేరాడు.

నవలలో వాల్ష్ లేడు, అప్పు లేదు, పద్దు లేదు. హోలీరూడ్ సన్నివేశంలో యువరాజు తన నడుముననున్న వెండిపిడి ఖడ్గాన్ని వేవర్లీకి ఇస్తూ, అది ఆండ్రియా ఫెరారా పనితనమనీ, తమ ఇంట తరతరాలుగా వస్తున్నదనీ చెబుతాడు. అంగడిలో కొన్న 1,800 ఖడ్గాల స్థానంలో వంశపారంపర్యంగా వచ్చిన ఒకే ఖడ్గం నిలుస్తుంది. సరుకు కానుకగా మారిన ఈ ఘట్టంలోనే వేవర్లీ విధేయత ఖాయమవుతుంది. రాజభక్తిని వీరగాథగా నిలపాలంటే దాని వెనుకనున్న వర్తకుని తెరచాటున ఉంచక తప్పదు.

అణచిన విషయం నలభైనాలుగవ ప్రకరణంలో తిరిగి పైకి వస్తుంది. ప్రెస్టన్‌పాన్స్ యుద్ధానికి సాగుతున్న సేనలో ముందు వరుసలు నిండుగా ఆయుధాలు ధరించి ఉంటాయి. వెనుక వరుసలలో మాత్రం ఒకని చేత ఒరలేని కత్తి, మరొకని చేత కర్రకు నిటారుగా బిగించిన కొడవలి, ఇంకొకని చేత కంచెనుంచి పెరికిన గుంజ. నవలలో అత్యంత విశ్వసనీయమైన పుటలివి. పర్వతప్రాంతీయుల ఆయుధాలను లాక్కున్న 1725 నాటి చట్టం ఈ లేమికి ఒక కారణం. బ్రెస్ట్‌కు మళ్లిన నౌక మరొకటి. స్కాట్ ఈ రెండవ కారణాన్ని కథలోకి రానివ్వలేదు.

అక్కడే ఫిరంగి ప్రసక్తి వస్తుంది. సేనకున్న ఏకైక పాత ఇనుప ఫిరంగి సంకేతాలు పేల్చడానికి తప్ప పనికిరాదు. దళపతులు వద్దన్నా అనుచరులు పట్టుబట్టడంతో పొట్టి గుర్రాలు దాన్ని లాగుతాయి. కథకుడు ఈ నమ్మకాన్ని హేళన చేస్తాడు. తర్వాత చేర్చిన వివరణలో, ఫ్రాన్స్‌లోని వాందే రాజపక్ష రైతులు ‘మరీ జాన్’ అని పిలుచుకున్న ఫిరంగిని స్కాట్ గుర్తుచేస్తాడు. పోలిక సరైనదే, తీర్పు కాదు. గుంజలతో పోరుకు వెళ్లే మనుషులు ఒక్క ఫిరంగిపై ఆశ పెట్టుకోవడం మూఢత్వం కాదు; తమకు చేరని సరుకెంతో వారికి బాగా తెలుసు. ఆ తెలివిడిని కథకుడు గ్రహించలేకపోయాడు.

చివరి ప్రకరణంలో టల్లీవియోలన్ భవనపు గోడపై వేవర్లీ, ఫెర్గస్‌ల చిత్రపటం వెలుస్తుంది. దాని పక్కనే, యుద్ధంలో వేవర్లీ ధరించిన ఆయుధాలు వేలాడుతుంటాయి.