గోపురాన్ని వంచని కెమెరా

మంగళగిరి లక్ష్మీనరసింహస్వామి ఆలయం తూర్పు గోపురం ఎత్తు 153 అడుగులు, అంతస్తులు పదకొండు. 1807-09 మధ్య వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించాడు. వీధిలో నిలబడి మామూలు కెమెరాను పైకెత్తి ఫోటో తీస్తే గోపురం వెనక్కి వాలినట్టు పడుతుంది. పై అంతస్తులు ఉన్నదానికన్నా సన్నబడతాయి. గోపురం ఎలాగూ పైకి పోయేకొద్దీ సన్నబడే కట్టడమే. కానీ ఎంత సన్నబడాలో స్థపతి ఒక లెక్క కట్టాడు. ఆ లెక్క మీద కెమెరా తన లెక్కను కూడా రుద్దుతుంది. ఫోటో చూసేవాళ్లకు అందులో స్థపతి చేసింది ఎంతో, కెమెరా చేసింది ఎంతో తేల్చుకునే దారి ఉండదు. కట్టడాలను పదిలంగా నమోదు చెయ్యాలనుకునే వారికి ఇది చిన్న విషయం కాదు.

సెన్సర్ భవనానికి సమాంతరంగా ఉన్నంతవరకు నిలువు గీతలు నిలువుగానే పడతాయి. కెమెరాను ఎత్తగానే ఆ సమాంతరం పోతుంది. అందుకని కెమెరాను రసమట్టంగా ఉంచి, లెన్స్‌ను మాత్రం పైకి జరపాలి. దీన్ని రైజ్ అంటారు, పక్కకు జరిపితే షిఫ్ట్. ఇది ఇప్పటి ఉపాయం కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా పనిచేసిన రాజా దీన్‌దయాళ్ కాలంలో, గాజు పలకల మీద బొమ్మ తీసే పెద్ద కెమెరాల్లోనే లెన్స్ పలకను జరిపే వీలుండేది. తరవాత ఫిల్మ్ వచ్చినా, మ్యూనిక్‌లో 1887లో మొదలైన లిన్‌హోఫ్ లాంటి సంస్థలు ఆ పద్ధతినే పట్టుకుని నడిచాయి. ముందు లెన్స్, వెనక ఫిల్మ్, మధ్యలో ముడుచుకునే తోలు బెలోస్. ఇప్పుడు కాంపాక్ట్ టెక్నికల్ కెమెరా అనేది ఆ వంశంలోదే, కాకపోతే బెలోస్ ఉండదు. ఆర్కా-స్విస్, జ్యూరిచ్‌లోని ఆల్పా, నెదర్లాండ్స్‌లోని కాంబో ఇవాళ ఇందులో ముందు వినబడే పేర్లు.

బెలోస్ ఎందుకు పోయింది? 4×5 అంగుళాల ఫిల్మ్‌తో పోలిస్తే, ఇప్పుడు దాని చోట కెమెరా వెనక బిగించే మీడియం ఫార్మాట్ డిజిటల్ బ్యాక్‌లోని సెన్సర్ బాగా చిన్నది. ఫేజ్ వన్ ఐక్యూ4 150 బ్యాక్‌నే తీసుకోండి. సెన్సర్ 53.4×40 మిల్లీమీటర్లు, అందులో 15 కోట్ల పిక్సెళ్లు, ఒక్కో పిక్సెల్ వెడల్పు 3.76 మైక్రాన్లు. ఎఫ్/8 దగ్గర, పిక్సెల్ స్థాయిలో స్పష్టత కావాలనుకుంటే, సెన్సర్ ఉండాల్సిన చోటు నుంచి ఇటూ అటూ సుమారు 0.03 మిల్లీమీటర్లు మాత్రమే జరగొచ్చు. ఒక పక్క అంతకన్నా వెనక్కి ఉంటే ఆ పక్క మెత్తబడుతుంది. తోలు తిత్తి, కర్ర చట్రం ఈ కచ్చితత్వాన్ని ఇవ్వలేవు. అందుకే ఈ కెమెరాలు లోహపు దిమ్మను మిల్లింగ్ చేసి తీసిన పలకలుగా మారాయి. ఆల్పా అయితే బ్యాక్ అడాప్టర్ కింద పెట్టుకోవడానికి మిల్లీమీటర్‌లో వందో వంతు మందం తేడాలతో పలచటి రేకులు ఇస్తుంది. ఎవరి బ్యాక్‌కు తగ్గట్టు వారు సరిచూసుకోవాలి. ఈ పనికి ఓపిక లేనివారు ఈ దారిలోకి రాకపోవడం మేలు.

కొనేవాళ్లు ముందు బాడీల పట్టిక ముందేసుకుని కూర్చుంటారు. నా దృష్టిలో అది తలకిందుల పద్ధతి. మొదట ఎంచుకోవాల్సింది లెన్స్, అందులోనూ దాని ఇమేజ్ సర్కిల్. లెన్స్ వెనక పడే వెలుగు గుండ్రం ఎంత పెద్దదైతే సెన్సర్ అందులో అంత దూరం జరగగలదు. పైన చెప్పిన సెన్సర్ మూల నుంచి మూలకు దాదాపు 67 మిల్లీమీటర్లు. రోడెన్‌స్టాక్ హెచ్‌ఆర్ డిగారాన్ శ్రేణిలో 23 ఎంఎం లెన్స్ గుండ్రం 70 మిల్లీమీటర్లే. అందులో అడ్డంగా పెట్టిన సెన్సర్‌ను పైకి రెండున్నర మిల్లీమీటర్లు కూడా కష్టంగా జరపగలం. 32 ఎంఎం లెన్స్ గుండ్రం 90. అక్కడ 16 మిల్లీమీటర్ల రైజ్ దొరుకుతుంది. విశాలంగా చూపిస్తుంది కదా అని 23 కొన్నవారికి, తాము కొన్నది కదలలేని కెమెరా అని తరవాత తెలుస్తుంది.

16 మిల్లీమీటర్లంటే ఎంత? మంగళగిరి గోపురం శిఖరం మన కంటి ఎత్తుకు పైన దాదాపు 45 మీటర్లు. 32 ఎంఎం లెన్స్‌తో, కెమెరాను రసమట్టంగా ఉంచి, రైజ్ లేకుండా శిఖరాన్ని అందుకోవాలంటే 72 మీటర్లు వెనక్కి వెళ్లాలి. చట్రంలో సగం నేలే ఉంటుంది. 16 మిల్లీమీటర్లు పైకి జరిపితే 40 మీటర్ల దగ్గర నిలబడవచ్చు. గుడి ముందు వీధుల్లో ఆ 32 మీటర్ల తేడాలో కొట్లూ, కరెంటు తీగలూ, ఆగిన ఆటోలూ ఉంటాయి. ఫోటో దొరకడమూ దొరకకపోవడమూ ఆ తేడాలోనే తేలుతుంది.

సాఫ్ట్‌వేర్‌లో సరిచేస్తే పోదా అని చాలామంది అడుగుతారు. గీతలు నిలువవుతాయి, నిజమే. కానీ కెమెరా ఎత్తి తీసినప్పుడు పై అంతస్తులు సెన్సర్ మీద చిన్నగా పడతాయి, వాటికి దక్కే పిక్సెళ్లు తక్కువ. సాఫ్ట్‌వేర్ ఆ కొద్దిపాటి సమాచారాన్నే సాగదీస్తుంది. పదకొండో అంతస్తు మీది శిల్పం ముక్కు, చెవి అక్కడే కరిగిపోతాయి. రైజ్‌తో తీస్తే సెన్సర్‌కు సమాంతరమైన తలం మీద ఉన్నదంతా ఒకే కొలతలో పడుతుంది, కింది బొమ్మకెంతో పైబొమ్మకూ అంతే. గుండ్రం అంచుకు పోయేకొద్దీ వెలుగూ పదునూ కాస్త తగ్గుతాయన్నది ఒప్పుకోవాలి. అయినా మంచి లెన్స్‌లో ఆ తగ్గుదల సాగదీత కన్నా చాలా నయం. ఇంకొకటి, బొమ్మ అంచులు ఎక్కడ తెగుతాయో కట్టడం ముందు ఉండగానే తేలుతుంది, ఇంటికొచ్చాక కాదు.

ఇక టిల్ట్. ఫిల్మ్ రోజుల్లో దగ్గరి రాతి పలక నుంచి దూరపు మండపం దాకా పదును కావాలంటే ఎఫ్/32 దాకా మూసేవారు. చిన్న పిక్సెళ్ల మీద ఆ దారి చెల్లదు. ఎఫ్/11 దాటితే వెలుగు చెదరడం మొదలై మొత్తం బొమ్మ మెత్తబడుతుంది. అప్పుడు ఆదుకునేది ఆస్ట్రియాకు చెందిన థియోడర్ షైంప్‌ఫ్లుగ్ పేరు మీద ఉన్న సూత్రం. ఆయన 1904లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. లెన్స్‌ను కొద్దిగా ముందుకు వంచితే పదును ఉండే తలం నేల వెంబడి పడుకుంటుంది. లెన్స్ ఫోకల్ పొడవును నేల నుంచి కెమెరా ఎత్తుతో భాగిస్తే, వంచాల్సిన కోణం సైన్ విలువ వస్తుంది. కెమెరా 1.6 మీటర్ల ఎత్తులో ఉంటే 32 ఎంఎం లెన్స్‌కు డిగ్రీ కన్నా కాస్త ఎక్కువ, 90 ఎంఎంకు మూడు డిగ్రీల పైచిలుకు. ఇంత చిన్న కోణాన్ని వేళ్లతో వదులు చేసి బిగించి సాధించలేం, గేరు కావాలి. ఆర్కా-స్విస్ ఆర్‌ఎం3డీఐలో టిల్ట్ బాడీలోనే ఉంటుంది కాబట్టి అన్ని లెన్స్‌లకూ పనికొస్తుంది. కాంబోలో అది లెన్స్ పలకలో ఉంటుంది, ఏ లెన్స్‌కు కావాలో ఆ లెన్స్‌ను టిల్ట్ పలకతోనే కొనాలి. ఆల్పాలో మధ్యన అడాప్టర్ పెట్టాలి. కొండలూ పొలాలూ తీసేవారికి టిల్ట్ ప్రాణం. గోడలూ గోపురాలూ తీసేవారికి అరుదుగా తప్ప అక్కర్లేదు. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే బాడీ ఎంపిక సగం తేలిపోయినట్టే.

మిగతా సగం, ఎన్ని దిక్కులకు జరగాలన్నది. ఆల్పా టీసీ అసలు జరగదు, అరచేతిలో ఇమిడేంత చిన్నది. ఎస్‌టీసీ ఒకే అక్షం మీద జరుగుతుంది. దాన్ని నిలువుగా తిప్పి బిగిస్తే అదే రైజ్ అవుతుంది. రెండు అక్షాలూ ఒకేసారి కావాలంటే ఆల్పా మాక్స్ వైపో, కాంబో డబ్ల్యూఆర్‌ఎస్ వైపో చూడాలి. ఫేజ్ వన్ కాంబోతో కలిసి 2019లో తెచ్చిన ఎక్స్‌టీ రెండు వైపులా 12 మిల్లీమీటర్లు జరుగుతుంది. షట్టర్‌ను బ్యాక్ నుంచే నడిపిస్తుంది, తీగల బెడద ఉండదు. గోపురం ఎత్తుతో కుస్తీ పట్టేవారికి 12 చాలదనే నా అభిప్రాయం. రెండు మూడు ఫోటోలను పక్కపక్కన కలిపి కుడ్యచిత్రాల పొడవైన వరుస తీసేవారు ఇంకొకటి చూసుకోవాలి, జరిగేది లెన్సా, బ్యాకా? లెన్స్ జరిగితే చూపు కోణమే మారి, దగ్గరున్న స్తంభం వెనకున్న బొమ్మతో అతుక్కోదు. లెన్స్ కదలకుండా బ్యాక్ జరిగే ఏర్పాటే దానికి సరైనది.

ఫోకస్ గురించి భయం అక్కర్లేదు. భవన నిర్మాణంలో వాడే లేజర్ కొలత పరికరంతో దూరం చూసి, లెన్స్ స్కేలు మీద అంతే పెట్టడం ఇందులో పాత అలవాటు. 2014లో ఫేజ్ వన్ ఐక్యూ250తో సీమాస్ సెన్సర్ ఈ బ్యాక్‌లలోకి వచ్చాక లైవ్ వ్యూలో పెద్దది చేసి చూసుకోవడమూ కుదిరింది.

కొత్తది మొత్తం కొంటే మంచి కారు ధర అవుతుంది. కట్టడాలు జీవనోపాధి కానివారు సెకండ్ హ్యాండ్‌లో ఒక బాడీ, ఒకే లెన్స్‌తో మొదలుపెట్టడం సబబు. 32 గానీ 40 గానీ చాలు. పాత లెన్స్‌లలో ఎక్కువ కోపాల్ షట్టర్లతో ఉంటాయి. ఆ సంస్థ తయారీ ఆపేసింది కనుక ఒక సెకను, అర సెకను వేగాలు తడబడుతున్నాయేమో విని మరీ కొనాలి. షట్టర్ లేకుండా సెన్సర్‌తోనే ఎక్స్‌పోజ్ చెయ్యొచ్చు గానీ, సెన్సర్ వరుస తరవాత వరుసగా చదువుతుంది కాబట్టి నడిచే మనుషులు వంకర పోతారు. ష్నైడర్ వారి వైడ్ లెన్స్‌లు చిన్నవి, తేలికైనవి, గీతలను వంచవు. అయితే వాటి కిరణాలు సెన్సర్ మీద బాగా ఏటవాలుగా పడతాయి. పాత బ్యాక్‌ల మీద షిఫ్ట్ చేసినప్పుడు ఒక అంచు గులాబీ, ఒక అంచు పచ్చగా మారేది అందుకే. దానికి మందు ప్రతి ఫోటోకూ జతగా ఒక ఎల్‌సీసీ చిత్రం. షిఫ్ట్, ఫోకస్, ఎపర్చర్ ఏవీ మార్చకుండా లెన్స్ ముందు తెల్లటి ప్లాస్టిక్ పలక అడ్డం పెట్టి ఇంకో ఫోటో తియ్యాలి. క్యాప్చర్ వన్ సాఫ్ట్‌వేర్ దాన్ని చూసి రంగుల తేడానూ, అంచుల చీకటినీ సరిచేస్తుంది. కొనే ముందు అమ్మేవారి దగ్గరే మీ బ్యాక్ బిగించి, చివరి మిల్లీమీటరు దాకా జరిపి, ఇటుక గోడ ఒకటి ఎల్‌సీసీతో సహా తీసి చూసుకోండి. గోడ నాలుగు మూలలూ ఒకేలా పదునుగా ఉంటే డబ్బు చెల్లించవచ్చు.